గాలానికి అందని మూసీ

మృగశిర కార్తె నాడు హైదరాబాద్ పాతబస్తీలోని గౌలిపురలో తెల్లవారగానే చేపల కోసం బయల్దేరని ఇల్లు అరుదు. మాంసం మానేసిన పెద్దవాళ్లు కూడా ఆ ఒక్క పూట ఓ ముక్క నోట్లో వేసుకోవాలంటారు. అసలే చేప ముట్టని ఇళ్లలో ఇంగువ, బెల్లం కలిపి ఉండ చేసి పిల్లల చేతికిస్తారు. ఎండలు తగ్గి తొలకరి పడే రోజులు, ఒంటికి కాస్త వేడి కావాలని తరతరాల నమ్మకం. కూతవేటు దూరంలోని దూద్‌బౌలిలో 1845 నుంచి చేప ప్రసాదం ఇస్తున్నామని బత్తిని కుటుంబం చెబుతుంది. ఇప్పుడా పంపిణీ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో జరుగుతోంది. రెండు మూడు అంగుళాల కొర్రమీను పిల్ల నోట్లో మందు ముద్ద పెట్టి, అది బతికుండగానే మింగిస్తారు. మందు పని చేస్తుందా లేదా అన్న చర్చ అటుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చి రాత్రంతా క్యూలో కూర్చునే జనాన్ని చూస్తే ఈ ఊరికీ చేపకీ ఎంత చుట్టరికమో తెలుస్తుంది.

ఆ కొర్రమీను పిల్లలను మత్స్యశాఖ తెప్పిస్తుంది. రామ్‌నగర్, బేగంబజార్ మార్కెట్లలో కోసే బొచ్చె, రవ్వ చాలావరకు కైకలూరు, ఆకివీడు, భీమవరం చెరువుల్లో పెరిగి, మంచు పెట్టెల్లో రాత్రికి రాత్రి లారీల మీద వస్తాయి. గౌలిపుర నుంచి నయాపూల్ మహా అయితే మూడు కిలోమీటర్లు. ఆ వంతెన కింద ఒక నది ఉంది. మృగశిర నాడు ఈ బస్తీల నుంచి ఒక్కరంటే ఒక్కరు కూడా ఆ నది వైపు సంచీ పట్టుకుని వెళ్లరు. వెళ్లాలన్న ఆలోచనే ఎవరికీ రాదు.

మూసీ గురించి నివేదికలకూ పథకాలకూ కొదవ లేదు. ఎన్ని లీటర్ల మురుగు, ఎన్ని కోట్ల ఖర్చు, ఎన్ని కిలోమీటర్ల సుందరీకరణ అనే లెక్కలన్నీ ఉన్నాయి. వాటిలో ఎప్పుడూ కనపడని మనిషి గాలం వేసేవాడు. నది పాడవుతోందని ముందుగా పసిగట్టింది అతనే. అతను ఒడ్డు వదిలి వెళ్లిపోయాక నది తరఫున మాట్లాడేవాడు లేకుండా పోయాడు. మూసీని నిజంగా బాగుచేస్తున్నారో లేదో చెప్పగలిగేది కూడా అతను తిరిగి రావడమే. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా ఇలా ఎందుకు జరిగిందన్న కథ.

"నీళ్లు జూసి కాదు బిడ్డా"

ఛత్రినాక నుంచి గౌలిపుర మార్కెట్‌కు దిగే దారిలో ఒక పాత ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దాయనతో మాట్లాడాను. చిన్నప్పుడు తండ్రి సైకిల్ వెనక కూర్చుని చేపలకు పోయినవాడు. గాలపు కర్ర ఎలా కట్టేవారో చేతులతో చూపించాడు. సన్నటి వెదురు, కొసకు తంగూసు, మధ్యలో నెమలి ఈకతో బెండు, దానికి కిందగా చిన్న సీసపు గుండు, చివర గాలం. రవ్వకూ బొచ్చెకూ తవుడు, పిండి కలిపిన ముద్ద. జెల్లకు ఎర్రలు. కొర్రమీనుకైతే చిన్న కప్పపిల్ల.

"ఏడికి పోతుంటిరి తాతా?"

"మా బాపు దోస్తులు పురానాపూల్ కాడనే ఏస్తుండిరంట. మా జమానాల లంగర్‌హౌజ్ దాక పోవాల్సొచ్చె. గాడ సంగం కాడ నీళ్లు తేటగుంటుండె. బెండు మునిగితె కింద చేప తిరుగుడు గుడ కండ్లవడుతుండె."

"మరి పాడైందని ఎప్పుడు తెలిసింది?"

"నీళ్లు జూసి కాదు బిడ్డా, చేపను జూసి. ముందుగాల పరకలు కనవడుడు బందైనయ్. తర్వాత రవ్వ రాలే. కొర్రమీను మాత్రం చాన్నాళ్లు వడ్డది. ఒకనాడు వండితె కూరంత గ్యాస్‌నూనె వాసన. మా అమ్మ గిన్నె తీస్కపోయి మోరిల పారవోసింది. గప్పటికెల్లి పోవుడు బంద్ వెట్టినం. మేమే పోకపోతిమి, ఇంకెవలు జూస్తరు?"

ఆయన చెప్పిన వరస నది చచ్చే తీరుకు అచ్చంగా సరిపోతుంది. చేపలన్నీ ఒక్కసారిగా చావవు. మురుగు నీటిలో చేరగానే దాన్ని తినే సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవి నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. చేపలు బతికి సంతానం పెంచుకోవాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. ఆ గీత కిందికి జారగానే పరకల వంటి చిన్న చేపలు మాయమవుతాయి. తర్వాత రవ్వ, బొచ్చె. కొర్రమీను, మార్పు, గొరక వంటివి నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలవు కాబట్టి చివరిదాకా నిలబడతాయి. అలా నిలబడిన చేప ఒళ్లంతా ఆ నీటిలోని నూనెలు, రసాయనాలు పట్టి ఉంటాయి. బతికున్నా తినడానికి పనికిరాదు. గిన్నెలోని కూరను పారబోసిన ఆ తల్లి ఏ ప్రయోగశాల కన్నా ముందే నీటి పరీక్ష పూర్తి చేసింది.

నది తన నీటిని పోగొట్టుకున్న వేళ

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, లంగర్‌హౌజ్ దగ్గర ఈసీని కలుపుకుని నగరంలోకి వస్తుంది. ఆ సంగమం దగ్గరే 1948లో గాంధీజీ చితాభస్మం కలిపారు. ఇప్పుడు దాన్ని బాపూఘాట్ అంటున్నాం. నగరం దాటి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

1908 సెప్టెంబరు 28న ఈ నది ఊరి మీద పడింది. సుమారు పదిహేను వేల మంది పోయారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు మీదికెక్కి నూట యాభై మంది దాకా బతికి బయటపడ్డారని చెప్పుకుంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా, ప్రధాని కిషన్ పర్షాద్ సలహా మీద అమ్మవారికి మొక్కుకున్నాడనీ, నది శాంతించిందనీ లాల్‌దర్వాజ బోనాల కథ. ఆ మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన ప్రణాళిక ప్రకారం మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద భయం తగ్గింది, ఊరికి తాగునీరు దొరికింది. ఆ రెండు జలాశయాలూ నగరానికి చేసిన మేలు ఇంతా అంతా కాదు.

అయితే నది వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. ఆనకట్టలు కట్టిన నాటి నుంచి నగరంలోని మూసీకి సొంత నీరు గేట్లు ఎత్తినప్పుడే వస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు గండిపేట (ఉస్మాన్‌సాగర్) కింద నది ఎండిన గుంతల వరస. అందులోకి ఊరి మురుగు దిగుతోంది. నదిలో నిండా నీరున్నప్పుడు ఒక వీధి మోరి వచ్చి కలిసినా అది పలచబడి, నాలుగు మైళ్లు పోయేసరికి శుభ్రపడేది. నీరే లేని నదిలో మోరి వచ్చి పడితే ఆ మోరే నది అవుతుంది. నయాపూల్ కింద ఇప్పుడు మనం చూసే ప్రవాహంలో వానాకాలపు కొద్ది రోజులు తీసేస్తే మిగిలిందంతా మన ఇళ్ల నుంచి, కార్ఖానాల నుంచి వచ్చిందే.

హైదరాబాద్‌కు భూగర్భ మురుగు వ్యవస్థ 1931లో వచ్చింది. 54 చదరపు కిలోమీటర్లు, 4.68 లక్షల జనాభాను దృష్టిలో పెట్టుకుని వేసిన లైన్లవి. తర్వాత ఊరు ఎటు పెరిగిందో అందరికీ తెలుసు. లైన్లు అంత వేగంగా పెరగలేదు. వాననీటి కోసం ఉన్న నాలాల్లోకి మరుగుదొడ్ల గొట్టాలు తిప్పేశారు. పాతబస్తీ నేల ఉత్తరానికి, మూసీ వైపుకు వాలి ఉంటుంది. యాకుత్‌పురా గంగానగర్ నాలా పక్కన నిలబడితే నదికి మనం రోజూ ఏం పంపుతున్నామో అంతా కళ్ల ముందు కనిపిస్తుంది. తలాబ్‌కట్ట దగ్గరి మీర్ జుమ్లా చెరువు వంటివి ఒకప్పుడు ఈ వైపు వాననీటిని ఆపి, మడ్డిని అడుగున దించుకుని, మిగిలిన నీటిని మెల్లగా వదిలేవి. ఆ చెరువు ఇప్పుడు ఇళ్ల కింద ఉంది. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి ఈ వైపు బస్తీలు మునిగినప్పుడు, పోయిన చెరువుల విలువ ఉప్పుగూడ, ఛత్రినాక జనానికి ఇళ్లలోకి వచ్చిన బురద రూపంలో తెలిసింది.

2021లో ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం జీహెచ్‌ఎంసీ పరిధిలో రోజుకు 1,650 మిలియన్ లీటర్ల మురుగు పుడుతుంటే, అప్పటికున్న 25 శుద్ధి కేంద్రాల సామర్థ్యం 772 మిలియన్ లీటర్లు. సగం కూడా కాదు. ఆ ఏడాదే 3,866 కోట్ల రూపాయలతో మరో 31 కేంద్రాలు, 1,259 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో మంజూరయ్యాయి. కాగితం మీద ఇది పెద్ద అడుగే. నిజానికీ పెద్ద అడుగే, ఒప్పుకోవాలి. కానీ కేంద్రం కట్టినంత మాత్రాన మురుగు దానంతట అది నడిచి అక్కడికి రాదు. ప్రతి గల్లీ మోరి నుంచి కేంద్రం దాకా గొట్టం ఉండాలి. నాలాల్లోకి మళ్లిపోయిన ప్రతి ఇంటి లైనూ తిరిగి మురుగు లైనులో కలవాలి. పాతబస్తీ ఇరుకు గల్లీల్లో ఆ పని చేయాలంటే ప్రతి మలుపులో తవ్వి చూడాల్సిందే. రిబ్బన్ కత్తిరించడానికి పనికొచ్చే పని కాదు గనక అదెప్పుడూ వెనకబడుతూనే ఉంటుంది.

మందుల మురికి

మురుగొక్కటే అయితే కథ కొంత తేలిక. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ వ్యర్థాలు ఒకప్పుడు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు పోయేవి. 2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. మనిషి రక్తంలో చికిత్స వేళ ఉండే మోతాదు కన్నా అది ఎన్నో రెట్లు ఎక్కువ. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఆ వ్యర్థాలను 18 కిలోమీటర్ల గొట్టం వేసి నగర మురుగు లైనులో కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి తెచ్చారు. అంబర్‌పేట కేంద్రం నీరు మూసీలోకే పోతుంది. మంజీరకు కొంత ఊరట దొరికి ఉండొచ్చు, ఆ బరువు మూసీ నెత్తికెక్కింది. ఇళ్ల మురుగు కోసం కట్టిన కేంద్రం మందుల అవశేషాలను వడగట్టలేదు. ఆ పని దాని నిర్మాణంలోనే లేదు.

ఒక మధ్యాహ్నం నయాపూల్ గోడ మీద మోచేతులు ఆనించి కిందికి చూస్తూ నిలబడ్డాను. నీరు బూడిద రంగులో, అంచుల దగ్గర నలుపు. గుర్రపుడెక్క అక్కడక్కడ గుంపులుగా అడ్డం పడి ఉంది. దాని పక్కనే నీటి మీద బుడగలు ఒకదాని వెంట ఒకటి లేస్తున్నాయి. దూరం నుంచి చూస్తే చేపలు గాలి పీల్చడానికి పైకొస్తున్నాయని అనిపిస్తుంది. నా పక్కన నిలబడ్డ ఓ స్కూలు పిల్లాడు అలాగే అనుకుని వేలు పెట్టి చూపించాడు. అడుగున పేరుకున్న మడ్డి గాలి ఆడక కుళ్లి వదిలే వాయువు అది. అందులో మీథేన్ ఉంటుంది, కుళ్లిన గుడ్డు వాసనకు కారణమైన హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. ఆ రెండోదే ఈ వంతెన మీద నడిచేవాళ్ల చేత ముక్కు మూయిస్తుంది.

ఇంతా చేసి మూసీలో చేపే లేదని అనుకోకండి. ఉంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. 1990ల్లో బంగ్లాదేశ్ మీదుగా దొంగచాటున దేశంలోకి వచ్చిన ఈ చేప ఏ కుళ్లునైనా తింటుంది, ఎంత చెడ్డ నీటిలోనైనా బతుకుతుంది, గాలి పీల్చుకుంటుంది, మన చేపల గుడ్లనూ పిల్లలనూ మింగేస్తుంది. దీని పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. అయినా నగర శివార్లలో దొంగ చెరువులు పట్టుబడుతూనే ఉన్నాయి. చౌకగా దొరుకుతుంది కాబట్టి పేదవాడి పళ్లెంలోకే ముందు చేరుతుంది. రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న కొర్రమీను ఉండాల్సిన నీటిలో ఈ చేప తిరగడం నన్ను బాధపెట్టినంతగా ఇంకేదీ పెట్టలేదు.

కత్వల కింద నురగ

నగరం దాటాక మూసీకి అడ్డంగా పాతకాలపు కత్వలు ఉన్నాయి. రైతులు కాలువల్లోకి నీరు మళ్లించుకోవడానికి రాతితో కట్టిన చిన్న ఆనకట్టలవి. కత్వ మీద నుంచి నీరు దూకే చోట తెల్లటి నురగ గుట్టలుగా లేచి గాలికి పొలాల మీదికి ఎగురుతుంది. సబ్బులు, డిటర్జెంట్ల చలవ. అయితే ఆ దూకుడే నీటిలోకి గాలిని కలుపుతుంది. కత్వ వెనక నిలిచినప్పుడు మడ్డి అడుగుకు దిగుతుంది. అందుకే నగరం నుంచి కిందికి పోయేకొద్దీ మూసీ నీరు కొంచెం కొంచెంగా మెరుగవుతుందని ఇక్కడ ఏళ్ల తరబడి పనిచేసిన అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ పరిశోధకులు చూపించారు. నది తనను తాను కడుక్కునే శక్తిని ఇంకా పూర్తిగా పోగొట్టుకోలేదు. దాని మీద వేసే బరువు తగ్గిస్తే చాలు.

ఊరికి దగ్గరి పొలాల్లో వరి ఆ నీటిని తట్టుకోలేకపోయింది. నత్రజని ఎక్కువై ఆకు ఏపుగా పెరిగి గింజ పట్టదు, చేను పడిపోతుంది. పీర్జాదిగూడ, పర్వతాపూర్ వైపు రైతులు వరి మాని పశువుల గడ్డికి మళ్లారు. ఆ పచ్చగడ్డి మోపులు నగరంలోని బర్రెల పాకలకు చేరతాయి. నదిలో చేప తినడం మానేశాం కాబట్టి మూసీతో మనకిక లెక్కే లేదనుకునేవాళ్లు, పొద్దున్నే చాయ్‌లో పడే పాల దారి ఒక్కసారి వెతికి చూడాలి.

సూర్యాపేట దగ్గర సోలిపేటలో 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు ఉంది. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలకు ఆ జలాశయమూ, దాని కింది చెరువులూ జీవనాధారం. మత్స్యశాఖ అక్కడ చేపపిల్లలు వదులుతుంది, సంఘాలు వల వేస్తాయి. తొలకరి వానలకు నగరంలో నెలల తరబడి పేరుకున్న మడ్డి అంతా ఒక్కసారి లేచి కిందికి కొట్టుకొచ్చినప్పుడు వీళ్ల గుండెలు జారతాయి. ఆక్సిజన్ ఒక్క రాత్రిలో పడిపోతే ఏడాది పెంచిన చేప తెల్లారేసరికి తెల్లగా పొట్ట తిప్పి తేలుతుంది. వాడపల్లి దాటిన నీరు పులిచింతలకు, అక్కడి నుంచి ప్రకాశం బ్యారేజీకి, డెల్టా కాలువలకు, చివరికి హంసలదీవి దగ్గర సముద్రానికి పోతుంది. గౌలిపుర మోరీ ప్రయాణం అంత దూరం.

2017లో సంగారెడ్డి జిల్లా గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలినప్పుడు రోడ్డెక్కింది కూడా చేపలు పట్టేవాళ్లే. ఫ్యాక్టరీ గొట్టం ఎప్పుడు తెరిచారో, నీటి రంగు ఏ రాత్రి మారిందో వాళ్లకు తెలుసు. వాళ్ల బతుకు ఆ నీటి మీదే ఆధారపడింది గనక. నగరంలోని మూసీకి అలాంటి దిక్కు ఎవరూ లేరు. పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా ఒక్క మత్స్య సంఘం లేదు, ఒక్క గాలం కర్ర లేదు. నీటి రంగు మారినా ఎవరి ఆదాయం తగ్గదు, ఎవరి కూర గిన్నె పారబోయాల్సిన పని రాదు.

గాలం పట్టినవాళ్లు కోర్టుకెక్కితే

ఇంగ్లండ్‌లో డార్బీ అనే ఊళ్లో డెర్వెంట్ నది మీద గాలం వేసే ఒక క్లబ్బు ఉండేది. పట్టణపు మురుగు, ఒక కృత్రిమ పట్టు మిల్లు వ్యర్థాలు, విద్యుత్ కేంద్రం వదిలే వేడినీరు కలిసి నదిలో చేపలను చంపేశాయి. క్లబ్బు సభ్యులు మున్సిపాలిటీతో సహా ముగ్గురి మీదా కోర్టుకెక్కారు. 1952లో అప్పీలు కోర్టు వాళ్ల పక్షాన నిలిచి, కాలుష్యం ఆపమని ఉత్తర్వులిచ్చింది. మురుగు వదలక తప్పదని మున్సిపాలిటీ పెట్టిన మొర చెల్లలేదు. అంతకు నాలుగేళ్ల ముందు, 1948లో, జాన్ ఈస్ట్‌వుడ్ అనే న్యాయవాది ఇలాంటి కేసులు నడపడానికే గాలం వేసేవాళ్ల సంఘం ఒకటి పెట్టాడు. ఆ దేశంలో నదుల కోసం కోర్టుల్లో పోరాడిన వాళ్లలో సెలవు రోజు ఒడ్డున కూర్చునే ఈ మామూలు మనుషులు ముందు వరసలో ఉన్నారు.

లండన్‌లోని థేమ్స్‌ను 1957లో నేచురల్ హిస్టరీ మ్యూజియం శాస్త్రవేత్తలు జీవం లేని నదిగా తేల్చారు. శుద్ధి కేంద్రాలను పెంచి, నదిలో ఆక్సిజన్‌ను లెక్క కట్టి నిలబెట్టాక, 1974లో ఆ నదిలో సాల్మన్ చేప మళ్లీ దొరికింది. పత్రికలన్నీ దాన్నే వార్తగా రాశాయి. నది బతికిందనడానికి జనం నమ్మిన రుజువు ఆ చేప.

మన దగ్గరా కోర్టులు నీటి పక్షాన నిలబడ్డ సందర్భం ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలకూ పెద్ద కట్టడాలకూ కళ్లెం వేస్తూ 1996 మార్చిలో జీవో 111 వచ్చింది. ఆ పరిధిలో ఒక నూనె ఫ్యాక్టరీ పెట్టడానికి ప్రయత్నం జరిగితే, కాలుష్య నియంత్రణ మండలి కేసులో సుప్రీంకోర్టు 1999లో, 2000లో ఇచ్చిన తీర్పుల్లో ముందుజాగ్రత్త సూత్రాన్ని పట్టుకుని జలాశయాలను కాపాడింది. హాని జరిగిందని నిరూపించే దాకా ఆగనక్కర్లేదు, హాని జరగదని నిరూపించాల్సిన బాధ్యత ఫ్యాక్టరీదే అని చెప్పిన తీర్పు అది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ కళ్లేన్ని సడలించింది. నాకు భయం అక్కడే. నగరం లోపల మూసీ ఎలా పోయిందో మన తాతలు చూశారు. నగరం పైన మిగిలిన మంచి నీటి ముక్కను మన కళ్ల ముందే పోనివ్వకూడదు.

ఆ మిగిలిన ముక్కలో చేప ఇంకా ఉంది. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారని ఫోన్లలో కబురు పాకితే చాలు, పాతబస్తీ, రాజేంద్రనగర్ కుర్రాళ్లు వలలూ దోమతెరలూ పట్టుకుని పరుగెడతారు. పోలీసులు అడ్డుకుంటారు, ఆ ప్రవాహంలో ప్రాణాలు పోతాయి గనక అడ్డుకోవాల్సిందే. కానీ ఆ పరుగు చూస్తే నాకొకటి అర్థమవుతుంది. ఈ ఊరి జనం నదిని మరిచిపోలేదు. చేప కనిపించిన చోటికి ఇప్పటికీ పరుగెత్తి వెళతారు.

ఏది చూసి నమ్మాలి

2017లో మూసీ నదీతీర అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 2024లో నగరం గుండా పారే 55 కిలోమీటర్ల మూసీని బాగుచేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ ఏడాది నవంబరు 8న వలిగొండ మండలం సంగెం దగ్గర భీమలింగం కత్వ వైపు పాదయాత్ర చేశారు. మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీటిని జంట జలాశయాలకు తెచ్చి, అందులో కొంత మూసీలో పారించే పనికి 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. నదికి సొంత నీరు లేకుండా పోవడమే మొదటి జబ్బు గనక ఈ ఆలోచన సరైన చోట మొదలైంది. అదే నెల చివరలో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చింది. నదికి తన జాగా ఇవ్వక తప్పదని మళ్లీ తెలిసింది.

ఆ జాగాలో ఇళ్లు కట్టుకున్నవాళ్ల సంగతి చెప్పకుండా దాటలేను. 2024 సెప్టెంబరు, అక్టోబరుల్లో మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇళ్ల మీద గుర్తులు వేసి ఖాళీ చేయించారు. డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ఇచ్చారు, కానీ కూలి పనీ పిల్లల బడీ ఇక్కడే ఉండిపోయాయి. నదిని పాడుచేసిన ఫ్యాక్టరీల కన్నా, మురుగు మళ్లించిన కాలనీల కన్నా, ఈ ఒడ్డున రేకుల కింద బతికిన మనిషే ముందు మూల్యం చెల్లించాడు. వాళ్లు వదిలిపెట్టిన ఒడ్డు మీద తళుకు దీపాల నడకదారి మాత్రమే వచ్చి, పక్కన బూడిద రంగు నీరు అలాగే పారితే అది వాళ్లకు చేసిన అన్యాయం.

అందుకే కొలత మార్చాలని అడుగుతున్నాను. పథకం ఎంత పూర్తయిందో సిమెంటు పనుల శాతంలో చెప్పొద్దు. బాపూఘాట్, పురానాపూల్, నయాపూల్, చాదర్‌ఘాట్, నాగోల్ దగ్గర నీటిలో ఆక్సిజన్ ఎంతుందో, అమ్మోనియా ఎంతుందో కొలిచే పరికరాలు పెట్టాలి. ఆ అంకెలను ఒడ్డునే బోర్డు మీద తెలుగులో, ఉర్దూలో ప్రతి రోజూ చూపించాలి. ఆక్సిజన్ కొలవడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు, చేతిలో పట్టుకునే మీటర్లు వచ్చి చాలా ఏళ్లయింది. నదిలోకి వదిలే ప్రతి గొట్టం ఎవరిదో, అందులోంచి ఏం వస్తోందో పేరుతో సహా ప్రకటించాలి. కత్వల పక్కన చేపలు పైకి ఎక్కడానికి మెట్ల కాలువలు ప్రాజెక్టు నక్షాలోనే ఉండాలి, తర్వాత గుర్తొచ్చి అతికించడం కుదరదు. అడుగున దశాబ్దాలుగా పేరుకున్న మడ్డిలో ఏ లోహాలు, ఏ మందులు ఉన్నాయో పరీక్షించాకే తవ్వాలి, తవ్విన మడ్డి ఎక్కడ పోస్తారో ముందే చెప్పాలి. లేకపోతే ఆ విషం ఇంకో చెరువులోకి చేరుతుంది.

ఇవన్నీ అడగడానికి ఇంజినీరు కానక్కర్లేదు. ఆషాఢ మాసపు చివరి వారం హరిబౌలి, లాల్‌దర్వాజ, ఉప్పుగూడ, గౌలిపుర ఘటాలు చార్మినార్ మీదుగా ఊరేగింపుగా నయాపూల్ చేరి మూసీలో కలుస్తాయి. ఏటా ఆ వేళ మంత్రులు, కమిషనర్లు, జలమండలి అధికారులు ఆ ఒడ్డున వేదిక మీదే ఉంటారు. వచ్చే బోనాలకు ముందే ఉత్సవ కమిటీలు, మార్కెట్ సంఘాలు, మసీదు కమిటీలు కలిసి వాళ్ల చేతికి ఒక కాగితం ఇవ్వొచ్చు: నయాపూల్ దగ్గర ఈ రోజు ఆక్సిజన్ ఎంత, వచ్చే ఏడాదికి ఎంత చేస్తారు, లీటరుకు 4 మిల్లీగ్రాములకు ఏ సంవత్సరంలో చేరుస్తారు, ఆ మాట మీద సంతకం పెట్టేది ఎవరు?